చీరలక్క సర్దిన కబోర్డు

మొన్న మంగళవారం పొద్దున పోపు వేగుతుండగా ఫోన్ మోగింది. గరిటె చేతిలో పట్టుకునే ఎత్తాను. "చిన్నమ్మా, అమ్మ చనిపోయింది. తెల్లారంగ" అంది అటుపక్క గొంతు. చీరలక్క పెద్ద కూతురు. ఇంకేదో చెబుతోంది గానీ నాకు వినపడలేదు. పోపు మాడి ఇల్లంతా ఘాటెక్కితే మా ఆయన దగ్గుకుంటూ వచ్చి స్టవ్ ఆపారు. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రెండు నెలల నుంచి మంచం మీదే ఉందట. షుగర్ కిడ్నీల దాకా పోయిందట. నాకు చెప్పొద్దందట. చెప్పొద్దనడానికి ఈవిడెవరు!

ఆమెకు పేరు లేక కాదు. ఫిల్మ్‌నగర్‌లో ఎవరిని కదిపినా చీరలక్క అనే అనేవారు, నేనూ అలాగే పిలిచాను, ఇప్పుడు అలాగే రాస్తున్నాను. సినిమా షూటింగుల్లో ఆడవాళ్లకు చీరలు కట్టడం, ఆ చీరలను భద్రంగా దాచడం ఆమె పని. పుట్టింది యూసుఫ్‌గూడలో. భర్త టైలరు, చిన్న వయసులోనే పోయాడు. ఇద్దరాడపిల్లల్ని వెంటబెట్టుకుని మా ఇంటి వెనక రేకుల గదిలో కిరాయికి ఉండేది. నాకంటే పదేళ్లు పెద్ద.

మేం ఆ ఇంటికి వచ్చి ముప్పై ఏళ్ల పైమాటే. మద్రాసులోని సినిమా వాళ్లు ఒక్కొక్కరే హైదరాబాదుకు మకాం మారుస్తున్న రోజులు. మా ఆయన సౌండ్ రికార్డిస్టు దగ్గర అసిస్టెంటు. పెళ్లి కొత్త, ఊరు కొత్త, ఆయనకు పని కూడా కొత్తే. కొండ మీద ఎటు చూసినా బండరాళ్లు, ఎర్రమట్టి, సగం లేచిన గోడలు. ఇల్లు చూపిస్తూ ఓనరు గారు పడగ్గదిలోకి తీసుకెళ్లి, గోడలో కట్టించిన కబోర్డు తలుపులు బార్లా తెరిచి, "గోడే మీకు బీరువా అండీ. ఇంక సామానుతో పనేముంది?" అన్నారు గర్వంగా. రెండు తలుపులు, ఎడమవైపు హ్యాంగర్లకు అడ్డంగా ఒక కడ్డీ, కుడివైపు నాలుగు అరలు, పైన అటక. నేనూ మురిసిపోయాను.

ఆ మురిపెం వారం కూడా నిలవలేదు. గుంటూరు నుంచి మా అమ్మ నాతో పంపిన చీరలు, దుప్పట్లు, మా అత్తగారు పంపిన ఇత్తడి సామాను, మా ఆయన వైర్ల చుట్టలు, వీటన్నిటినీ అందులో కుక్కేదాన్ని. మోకాలితో ఒక తలుపు, నడుముతో రెండో తలుపు నొక్కిపట్టి గడియ పెట్టేదాన్ని. ఒక పొద్దున గడియ తీయగానే మొత్తం నా నెత్తిన పడింది. ఆ చప్పుడుకు, కింద ట్యాంకర్ నీళ్లు పట్టుకుంటున్న ఒకావిడ బకెట్ పక్కన పెట్టి సరాసరి మా పడగ్గదిలోకి వచ్చేసింది.

"ఏంది చెల్లె, గోడ గిట్ల కూలిందా?"

"కబోర్డండీ. చోటు చాలట్లేదు."

ఆవిడ కిందపడ్డవాటి మీదుగా దాటుకుంటూ వెళ్లి, ఖాళీ కబోర్డులోకి తల పెట్టి పైకీ కిందకీ చూసింది. "జాగ మస్తుగున్నది. నువ్వే జాగను చూస్తలేవు" అంది. ముక్కూ మొహం తెలియని మనిషి నా పడగ్గదిలో నిలబడి నాకే తప్పు పడుతోంది. ఒళ్లు మండింది. కానీ నాకు కోపం కంటే ఆరా ఎక్కువ. "అయితే చూపించండి" అన్నాను.

ఆవిడే చీరలక్క. మర్నాడు షూటింగు లేదట. వచ్చి, సామానంతా మంచం మీదకి తీయించింది. తరవాత చేసిన పని చూసి నేను నోరు తెరిచాను. కడ్డీ ఉన్న వైపు కబోర్డులోకి ఎక్కి, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "తలుపెయ్యి" అంది.

"ఎందుకక్కా?"

"నీకు సవాల్లు ఎక్కువ చెల్లె. ఎయ్యి, చెప్త."

వేశాను. లోపల్నుంచి మాటలు వినిపించసాగాయి. "గీ కింది మూల సల్లగున్నది. గోడల నీళ్ల పైపున్నట్టుంది. గీడ పట్టుచీర పెట్టకు, మచ్చలొస్తయ్... పైన బెత్తెడు జాగ ఉత్తగ పోతున్నది, కడ్డీ జర పైకి జరపాలె... తలుపు కింద సందున్నది, బొద్దింకలు గిట్ల గీడికెల్లే వస్తయ్." మనిషి లోపల కూర్చుంటే తప్ప కబోర్డు గుట్టు తెలియదని ఆమె లెక్క. షూటింగులకు పోయిన ప్రతి చోటా బట్టలు పెట్టే గదిలో ముందు తను ఓ గంట చీకట్లో కూర్చుంటుందట.

అప్పుడే గుమ్మంలో ఎవరో పిలిస్తే నేను అటు వెళ్లాను. ఈలోగా మా ఆయన భోజనానికి వచ్చి, లుంగీ కోసం కబోర్డు తెరిచారు. "జర లైటెయ్యి తమ్మీ" అంది లోపలి మనిషి. ఆయన వేసిన కేకకు ఓనరు గారు కింద నుంచి పరిగెత్తుకొచ్చారు. ఈనాటికీ మా ఆయన కబోర్డు తెరిచే ముందు వేలితో ఓసారి తట్టి చూస్తారు.

సర్దడం రెండు రోజులు పట్టింది. చీరలు ఒక చోట, దుప్పట్లు ఒక చోట అని నేను గుట్టలు వేస్తుంటే ఆపేసింది. ఒక్కొక్కటీ చేతికి తీసుకుని ఒకే ప్రశ్న: "దీన్ని ఎప్పుడు తీస్తవ్?" రోజూ, వారానికోసారి, పండక్కి, చలికాలం, ఎవరైనా వస్తే. అది ఏ వస్తువన్నది ఆమెకు పట్టదు, ఎప్పుడు కావాలన్నదే కావాలి. రోజూ తీసేవి నడుముకీ కంటికీ మధ్య ఉన్న అరల్లోకి వెళ్లాయి. ఏడాదికోసారి తీసేవి అటకెక్కాయి. ఇత్తడి సామాను అసలు పడగ్గదిలోనే ఉండకూడదని మంచం కిందికి తోసేసింది.

"అదేం పద్ధతక్కా? చీర చీరతో కదా ఉండాలి."

"సినిమా ఎట్ల తీస్తరో నీకు ఎరుక లేదు. పెండ్లి సీను ఇయ్యాల తీస్తరు, పెండ్లిచూపులు వచ్చే నెల తీస్తరు. నేను కథ ప్రకారం బట్టలు సర్దితే నా బతుకు బజార్ల పడ్తది. ఏ దినం ఏది కావాలెనో గట్ల సర్దుత. నీ ఇల్లు గూడ గంతే."

చీరలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగు చీర తీసేసరికి గుట్ట కూలుతుంది. అందుకని పాత క్యాలెండర్ అట్టను కొలత పెట్టి అన్నిటినీ ఒకే వెడల్పున మడిచి, పుస్తకాల్లా నిలబెట్టింది. జాకెట్టూ లంగా ఆ చీర మడతలోనే. ఎత్తు ఎక్కువున్న అరకు మధ్యలో ఒక చెక్క వేయించింది. ఏదో సెట్టు విప్పేసినప్పుడు పారేసిన ప్లైవుడ్డు అది. అడుగున రాజమహలు స్తంభం బొమ్మ సగం ఉండేది. దుప్పటి తీయడానికి వంగినప్పుడల్లా ఆ రాజమహలు చూసి నాకు నవ్వొచ్చేది. పాత లంగా చింపి తలుపు లోపలివైపు సంచీలు కుట్టి తగిలించింది. కడ్డీ పైకి జరిపి, ఒక పక్కన పొట్టి చొక్కాలే వేలాడదీస్తే, వాటి కింద మా ట్రంకు పెట్టె దర్జాగా పట్టింది.

ఇంత అవస్థపడి, చివరకు నాలుగో అర ఖాళీగా వదిలేసింది. నాకు మతి పోయింది. చోటు లేదని ఏడుస్తుంటే ఈవిడ ఒక అర గాలికి వదిలేస్తుందేమిటి? వెంటనే దుప్పటి ఒకటి అందులో పెట్టబోయాను. చెయ్యి మీద ఒక్కటేసింది.

"తియ్. గా ఖాళీ ఉంటేనే మిగిలినయి సక్కగుంటయ్. ఒకటి తీసి ఇంకోటి పెట్టాలంటే చేతికి తావుండాలె కద."

ఆ తరవాత ఆమె చేసే ప్రతిదీ నాకు వింతే. తీరిక దొరికితే వెనక గదికి పోయి, ప్రశ్నలతో ప్రాణం తీసేదాన్ని. జరీకి కలరా ఉండలు తగలకూడదని, బట్ట మడత మూణ్నెల్లకోసారి మార్చకపోతే ఆ గీత మీదే చినుగుతుందని చెప్పేది. "బట్టకు గూడ నిద్రల పక్క మార్చాలె చెల్లె" అనేది. నేను ఆమె శిష్యురాలినని ఇరుగుపొరుగుకు చెప్పుకుని తిరిగాను కూడా. మా వీధిలో మూడిళ్ల కబోర్డులు నేనే సర్దాను.

ఆ పొగరే కొంప ముంచింది.

ఆ ఏడు వానలు ముందే మొదలయ్యాయి. ఆమె రేకుల గది కారుతోంది. అప్పుడామె చేస్తున్న సినిమాకే మా ఆయన కూడా పని చేస్తున్నారు. ఆ సినిమా మీద ఆమెకు ఎంతో ఆశ. ఏళ్ల తరబడి రోజుకూలి హెల్పరుగా చేస్తోంది. ఈ సినిమా ముగిశాక తను సంతకం పెట్టి సినీ కార్మికుల సంఘం కార్డు ఇప్పిస్తానని ఆమె పైనున్న కాస్ట్యూమర్ గారు మాటిచ్చారు. కార్డుంటే సినిమా సినిమాకూ పిలుపొస్తుంది, పిల్లల చదువులకు బెంగ ఉండదు. "గీ పిక్చర్ సక్కగ దాటితే సాలు చెల్లె" అని రోజుకు నాలుగుసార్లు అనేది.

ఒక సాయంత్రం గుడ్డలో చుట్టిన మూట తెచ్చి, "నాలుగు దినాలు వికారాబాద్ దిక్కు ఔట్‌డోర్ ఉంది. నా గదిల పెడితే తడుస్తది. నీ ఖాళీ అరల పెట్టుకో. కలరా ఉండలు వెయ్యకు" అని ఇచ్చి వెళ్లిపోయింది. అంతే చెప్పింది.

కళ్లెదుట మూట ఉంటే విప్పకుండా ఉండే మనిషినా నేను? రెండో రోజు విప్పాను. లోపల మీగడరంగు నూలు చీర. నిండా ఎర్రమట్టి, కొంగు దగ్గర జానెడు చిరుగు. అయ్యో పాపం, ఉతికే తీరిక కూడా లేకుండా పరిగెత్తింది, అనుకున్నాను. నా గురువుకు నేను ఏం చేశాను గనక, ఈ మాత్రం చెయ్యలేనా? నానబెట్టి మూడు నీళ్లు మార్చాను. మచ్చ వదిలేదాకా వేళ్లతోనే రుద్దాను. చిరుగును పోగూ పోగూ కలిపి కుట్టాను. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, క్యాలెండర్ అట్ట కొలతకు మడిచి, తెల్లటి కొత్త గుడ్డలో చుట్టి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

నాలుగో రోజు పొద్దున వచ్చింది. వీధి మొగలో షూటింగు వ్యాను ఆగి ఉంది. "మూట ఇయ్యి చెల్లె, జల్ది" అంది. నేనే విప్పి చూపించాను.

చీరలక్క మంచం మీద కూలబడింది. చీర మీద చెయ్యి వేసి, అటూ ఇటూ నిమిరి, "మంచిగనే ఉతికినవ్" అంది.

అప్పుడు చెప్పింది. ఆ సినిమాలో హీరోయిన్ వానలో పరిగెత్తుకొచ్చి బురదలో పడుతుంది. పడటం ఇంతకుముందే తీశారు. లేవటం ఇవాళ తీయాలి. లేచేసరికి చీర గంజి పెట్టి తళతళలాడుతుంటే జనం ఊరుకుంటారా? ఈ చీరకు జోడు కూడా లేదు, అది ఫైటు సీనులో చినిగిపోయింది. "అక్కా, నేనొచ్చి మీ కాస్ట్యూమర్ గారికి చెప్తాను, తప్పు నాదే అని చెప్తాను" అని ఏడుపు మొదలెట్టాను.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు. చీర కట్టుకో."

"నేనా?"

"మట్టి పూస్తే పూసినట్టే కనబడ్తది. గామె ఎట్ల పడ్డదో నేను చూసిన. నువ్వు గట్లనే పడాలె."

బ్లేడుతో నా కుట్లన్నీ ఊడదీసింది. ఆ చీర నాకు కట్టింది. కట్టిన తీరు ఎలాంటిదంటే, అద్దంలో చూసుకుంటే నన్ను నేనే గుర్తుపట్టలేదు. చెయ్యి పట్టుకుని పక్కనున్న ఖాళీ స్థలంలోకి లాక్కెళ్లింది. రాత్రి పడిన వానకు ఎర్రమట్టి మెత్తగా ఉంది. "గా బండ కాడికెల్లి ఉరుకు. ఎడమ మోకాలి మీద పడు. కుడి చెయ్యి ఆనాలె. కొంగు నీళ్లల్ల పడాలె." పడ్డాను. "గట్ల కాదు, నువ్వు సూసుకుంట పడ్తున్నవ్. గామె భయంతోని పడ్డది." మళ్లీ పడ్డాను. వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఓనరు గారు మేడ మీద నుంచి, "ఏమ్మా, ఇదంతా మీ ఆయనకు తెలుసా?" అని అరుస్తున్నారు. మూడోసారి నిజంగానే కాలు జారి పడ్డాను, మోకాలు చెక్కుకుపోయింది. "హా, గదీ!" అంది చీరలక్క. అక్కడే చుట్టూ దుప్పటి పట్టి చీర విప్పించుకుని, దాన్ని రెండు చేతుల్లో పసిబిడ్డను మోసినట్టు మోసుకుంటూ వ్యాను ఎక్కేసింది.

సాయంత్రం ఆమె కోసం గేటు దగ్గరే నిలబడ్డాను. "షాటు ఓకే అయింది. ఫికర్ చేయకు" అంది. "మరి కార్డు?" అన్నాను. "వస్తది తీ."

రెండేళ్లు అడిగాను. రెండేళ్లూ అదే జవాబు. "వస్తది తీ." ఆ కాస్ట్యూమర్‌ను నేను తిట్టని తిట్టు లేదు. నా ముందు ఎవరైనా ఆయన్ను మంచివాడంటే, మాట మీద నిలబడని మనిషి ఏం మంచివాడని ఎగిరిపడేదాన్ని. చీరలక్క మాత్రం "పోనీ చెల్లె" అని మాట మార్చేసేది. ఆ తరవాత ఎలాగో కార్డొచ్చింది. బోరబండలో రెండు గదులు కట్టుకుని వెళ్లిపోయింది. మేం జూబ్లీహిల్స్‌లో చిన్న ఫ్లాటుకు మారాం. రాకపోకలు పండగలకీ పెళ్లిళ్లకీ మిగిలాయి. అది నా తప్పే.

మంగళవారం బోరబండ వెళ్లేసరికి తీసుకెళ్లడానికి సిద్ధం చేస్తున్నారు. మొహం ఒక్కసారే చూశాను. మగవాళ్లు వెళ్లిపోయాక, ఆడవాళ్లం గదిలో చాప మీద కూర్చున్నాం. పెద్ద కూతురు పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లయినా తాగలేదట. దాని మనసు కాస్త మళ్లిద్దామని, వాళ్లమ్మ నన్ను బురదలో మూడుసార్లు పడేసిన సంగతి చెప్పాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఏడుస్తూనే నవ్వారు. అది నవ్వలేదు.

"ఏ చీర చిన్నమ్మా? మట్టి చీరనా?"

"అవునే. ఏం?"

"గా చీర ఉతికేసిందని చెప్పే కదా అమ్మకు కార్డు రెండేండ్లు ఆపిండ్రు. ఏడికెల్లి ఉతకబుద్ధయ్యిందో నాకు అని అనేది అమ్మ. గప్పుడే నేను టెన్త్ మధ్యల వదిలి బట్టల షాపుల పనికి పోయిన."

కన్న బిడ్డలకు కూడా తనే ఉతికానని చెప్పుకుంది. చెల్లెలు చదువుకోవడం కోసం ఈ పిల్ల మానేసిందని నాకు తెలుసు. కారణం నేనని ఇన్నేళ్లూ తెలియదు. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే ఇక ఎవరికీ తెలియదు. ఆ మాట కూడా నాకు ఒక్క క్షణం తట్టింది, దాచడమెందుకు.

లేచి, పెద్ద కూతురి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్లాను. ఆ కాస్ట్యూమర్ గారు వరండాలో కుర్చీలో ఉన్నారు. బాగా పెద్దవారైపోయారు, శ్మశానం దాకా నడవలేక ఆగిపోయారు. అది వింటుండగానే ఆయనతో చెప్పాను. "ఆ మట్టి చీర ఉతికింది నేనండీ. ఆమె కాదు."

ఆయన తలెత్తి చూశారు. "ఆవిడ కాదని తెలుసమ్మా" అన్నారు. "మట్టి కింద నా వేలికి గంజి తగిలింది. షూటింగు చీరకు ఆవిడ చచ్చినా గంజి పెట్టదు. ఎవరు చేశారో చెప్పు, ఇప్పుడే కార్డు మీద సంతకం పెడతానన్నాను. నేనే సార్ అంది. అబద్ధమాడుతోందని నాకు పంతం వచ్చింది. ఆవిడ పంతం నాకంటే ఎక్కువ."

"నా పేరు చెప్పి ఉంటే ఏం చేసేవారండీ?"

"మీ ఆయన మా సెట్టు మీదే కదమ్మా పని చేసేది. సాయంత్రానికల్లా పంపించేసేవాళ్లం. ఆ రోజుల్లో నా కోపం అలాంటిది. ఆ సంగతి ఆవిడకు తెలుసు."

పక్కనున్న పిల్ల వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను. అది చెయ్యి విడిపించుకోలేదు. కాసేపయ్యాక, "అమ్మ నిన్ను అడుగుతుండె చిన్నమ్మా. రానియ్యకు, సూస్తే ఏడుస్తది అంటుండె" అని మాత్రం అంది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

మొహం కడుక్కుందామని పెరట్లోకి వెళ్లాను. తీగ మీద ఒక చీర ఉంది. చిన్న చిన్న నీలం పూల నూలు చీర. సోమవారం ఆమె ఒంటి మీది నుంచి మార్చి, కూతురు ఉతికి ఆరేసిందట. తెల్లారేసరికి ఇలా అయింది, ఇక దాన్ని తీసే తీరిక ఎవరికుంది? ఎప్పుడో ఎండిపోయింది. గాలికి కొంగు లేచి నా భుజానికి తగిలి మళ్లీ వెనక్కి పోతోంది. దించుదామని రెండు చేతులూ ఎత్తాను. చేతులు రాలేదు.